రాలిన వడ్లు మొలిస్తే కలుపు కాదట!

ఈ ఉదయం మినుము చేలో నాలుగు వరి మొక్కలు పీకి, సంచిలో వేసుకొని పురుగుమందుల దుకాణానికి వెళ్లాను. చేనంతా ఇవే చారలు చారలుగా మొలిచాయని చూపిస్తే, అక్కడున్న పెద్దమనిషి, "వరి కలుపెలా అవుతుందండీ, అన్నం పెట్టే మొక్క కదా! వదిలేయండి, గొడ్లకు మేతవుతుంది" అన్నారు. ఇంటికి వచ్చి రెండు గంటలైనా ఆ మాట నాకు మింగుడుపడలేదు.

కృష్ణా డెల్టాలో వరి మాగాణి మినుము పండించే కష్టం తెలిసినవారెవరూ అంత తేలిగ్గా మాట్లాడలేరు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, పైరు నిలబడి ఉండగానే, పదును మీద మినుము చల్లుతాం. ఆ తరువాత దుక్కి ఉండదు, చాలా చేలకు నీరు కూడా పెట్టం. నేలలో మిగిలిన తేమ, తెల్లవారుజామున కురిసే మంచు తప్ప ఆ పైరుకు వేరే ఆధారం లేదు. ఆ కాస్త తేమనూ గుబురుగా వేళ్లు పెట్టిన వరి లాగేసుకుంటే, రెండాకుల మీదున్న మినుము ఏం తిని బతకాలి?

పీకిన మొక్క వేరు మొదట్లో వడ్లగింజ పొట్టు ఇంకా అంటుకొనే ఉంది. ఆకు కాండాన్ని అంటిన చోట తెల్లటి పొర ఉంది కనుక అది వరిలాగే కనిపించే ఊద గడ్డి కాదు. పాత దుబ్బుల చిగురూ కాదు, ఎందుకంటే దుబ్బులు నాటిన చోటే ఉంటాయి, ఇవి మాత్రం కోత మిషను వెనుక గడ్డి పడిన దారినే మొలిచాయి. ఎకరానికి 75 కిలోల బస్తాలు 30 పండాయనుకుంటే, అందులో నూటికి ఒక్క వంతు రాలినా 22 కిలోలు, అంటే ఎకరం నారుకు నేను పోసే విత్తనమంత! సాంబ మసూరి వెయ్యి గింజలు సుమారు 15 గ్రాములు తూగుతాయి కనుక, ఆ లెక్కన చదరపు మీటరుకు మూడు వందల పైచిలుకు గింజలు. పిట్టలూ ఎలుకలూ తినగా మిగిలినవి చాలు, చేను పాడు చేయడానికి.

మినుములోనైతే ఇంకా నయమే. వెడల్పాకు పైరు కాబట్టి గడ్డిజాతిని మాత్రమే చంపే మందు ఉంది, లేతగా ఉన్నప్పుడు, నేలలో పదును ఉన్నప్పుడు కొడితే పని చేస్తుంది. నేను దుకాణానికి వెళ్లింది దానికోసమే. మామూలు రకాల వరిలో మొలిచిన పాత వరిని మాత్రం విడిగా చంపే మందు లేదు, రెండూ ఒకటే మొక్క అయినప్పుడు ఏ మందు దేనిని గుర్తుపడుతుంది? పైగా పంటకూ పంటకూ మధ్య ఈ పచ్చ మిగిలి ఉంటే పచ్చ దీపపు పురుగు దాని మీదే బతికి, తుంగ్రో తెగులును కొత్త నారుకు మోసుకుపోతుంది.

మూడేళ్ల క్రితం విత్తనపు వరి వేసినప్పుడు ఈ దెబ్బ నేను తిన్నాను. ధ్రువీకరణ విత్తనానికి బెరుకులు, అంటే వేరే రకం మొక్కలు, 0.20 శాతం మించకూడదు, అంటే వెయ్యికి రెండు మొక్కలు. నేల మీద పాత పంట రాలు మొక్కలు ఉండకూడదని నిబంధనలోనే ఉంది. నా భార్య, నేను, ఇద్దరు కూలీలు కలిసి మొల లోతు పైరులో నాలుగు రోజులు తిరిగి, ఎత్తుగా ఉన్నవీ, ముందుగా ఈనినవీ ఏరి గట్టున పోశాం. అయినా చేను తనిఖీలో నిలవలేదు. తనిఖీకి వచ్చినాయన తప్పు నాదేనని రాసుకొని వెళ్లారు. అంతకుముందు పంటలో మరో ఊరి రకం కోసి, గింజల పెట్టె కూడా దులపకుండా నా చేలో దిగిన మిషనును మాత్రం ఎవరూ తనిఖీ చేయలేదు. ఆ రోజు నేను గట్టున నిలబడి శుభ్రం చేయమని అడిగితే, "ఆ గంట అద్దె కూడా మీరే ఇవ్వాలి బాబాయ్ గారూ" అన్నాడు డ్రైవరు. ఇచ్చి ఉండవలసిందని ఇప్పటికీ బాధపడుతున్నాను.

ముందుగా తడిపెట్టి, రాలిన గింజను మొలిపించి, దున్ని, ఆ తరువాతే దమ్ము చేయమని చెబుతారు. మంచి పద్ధతే, నేనూ చేస్తాను, కానీ దానికి పది పదిహేను రోజుల గడువు కావాలి, కాలువలో నీళ్లు ముందుగా రావాలి. నీళ్లు ఆలస్యంగా వదిలిన ఏడాది నారు ముదిరిపోతుంటే ఏ రైతు ఆగగలడు? అదే మిషను గాలిని తగ్గించి, వేగం తగ్గించి, గట్టు మీద కాసేపు ఖాళీగా తిప్పి తలుపులు తెరిచి దులిపితే, ఈ బాధలో సగం నా చేలోకి రానే రాదు. వచ్చే కోతకు ఆ పని నా కళ్ల ముందు జరిగాకే మిషను చేలో దిగుతుంది, గంట అద్దె నేనే ఇస్తాను.

రేపు ముగ్గురు కూలీలు వస్తామన్నారు. మందు సంగతి తరువాత, ముందు ఆ చారల్లో ఒత్తుగా మొలిచినదంతా చేత్తో పీకించాలి.