పావురానికీ ఓ హాల్‌టికెట్

పిల్లలు ఎలా నేర్చుకుంటారో చెప్పే సిద్ధాంతాలు ఆన్‌లైన్ చదువుకు వర్తిస్తాయా లేదా అని విదేశీ పండితులు ఇంకా తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. ప్రభుత్వ టీచరు పోస్టుల పరీక్ష డీఎస్సీ సీజన్‌లో ఒక్కసారి ఇటు వచ్చి ఉంటే వాళ్లకా శ్రమ తప్పేది. డీఎస్సీ కోచింగ్‌కు పేరుపడ్డ అవనిగడ్డలో గది అద్దెకు తీసుకుని చదివే కాలం పోయి, అవనిగడ్డే ఫోన్‌లోకి దిగిపోయిన కాలమిది. టీచరు అర్హత పరీక్ష టెట్ 150 మార్కుల్లో 30 శిశు వికాసం, పెడగాజీ (బోధనా శాస్త్రం)వే. అంటే మనవాళ్లు ఆన్‌లైన్‌లో నేర్చుకునేదే అభ్యసన సిద్ధాంతాల్ని. ప్రయోగమూ వాళ్లే, ప్రయోగశాలా వాళ్లే, ఫీజు కట్టేదీ వాళ్లే.

ముందుగా రష్యన్ శాస్త్రవేత్త పావ్‌లోవ్. జీర్ణక్రియ మీద పరిశోధనకు 1904లో నోబెల్ అందుకున్నాడు. తిండి కనబడకముందే, అది వస్తుందని తెలిపే శబ్దానికే కుక్కకు నోరూరుతుందని చూపించాడు. మన ఫోన్ టింగుమంటుంది. ‘డీఎస్సీపై బిగ్ బ్రేకింగ్’ అని థంబ్‌నెయిల్, పక్కన ఎర్ర బాణం, నోటి మీద చెయ్యి పెట్టుకున్న సారు. తెరిస్తే పావుగంట సేపు “త్వరలో రావచ్చని విశ్వసనీయ సమాచారం, ఫ్రెండ్స్”. తిండి పెట్టకుండా శబ్దం మాత్రమే వినిపిస్తూ పోతే కొన్నాళ్లకు కుక్కకు నోరూరడం ఆగిపోతుందన్నాడాయన. దీన్ని విలుప్తీకరణం అంటారు, రాసుకోండి, ఇంపార్టెంట్ బిట్. ఆంధ్రలో 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ పరీక్ష 2025లో జరిగింది. ఈ మధ్యకాలమంతా టింగులు మోగుతూనే ఉన్నాయి, మనవాళ్లు తెరుస్తూనే ఉన్నారు. పావ్‌లోవ్ ఇక్కడ ఓడిపోయాడని ఒప్పుకోక తప్పదు.

ఆయన పరువు నిలబెట్టింది అమెరికన్ మనస్తత్వవేత్త స్కిన్నర్. ఎన్నిసార్లు పొడిస్తే గింజ పడుతుందో తెలియనప్పుడే పావురం అలుపు లేకుండా పొడుస్తుందని తేల్చాడు. గింజ పెట్టి అలవాటును ఇలా గట్టిపరచడాన్నే పునర్బలనం అంటారు. ఏడేళ్ల టింగుల్లో ఎప్పుడో ఒకటి నిజమైంది, 16,347 పోస్టులు పడ్డాయి. ఇక ఈ పావురం జన్మలో పొడవడం మానదు. యాప్‌వాళ్లు స్కిన్నర్‌ని మనకంటే శ్రద్ధగా చదివారు. రోజూ తెరిస్తే మంట గుర్తు, వారం తెరిస్తే బ్యాడ్జి, ఒక రోజు మానేస్తే “మేం మిమ్మల్ని మిస్ అవుతున్నాం” అని కబురు. అత్తగారు కూడా మనల్ని అంత తొందరగా మిస్ అవ్వరు.

ఒక చిన్న సంగతి మాత్రం వాళ్లు దాటవేశారు. స్కిన్నర్ 1950లలో బోధనా యంత్రం తయారు చేసినప్పుడు, జవాబు విద్యార్థే సొంతంగా రాయాలని పట్టుబట్టాడు. నాలుగు ఆప్షన్లు ముందు పెడితే తప్పు జవాబులు కూడా బుర్రలో తిష్ట వేస్తాయని ఆయన భయం. ఆయనకంటే ముందే, 1920లలో, సిడ్నీ ప్రెస్సీ అనే అమెరికన్ ఆప్షన్లతో నడిచే యంత్రం చేశాడు. సరైన జవాబులు నొక్కితే మిఠాయి బిళ్ల పడే ఏర్పాటు కూడా దానికి ఉండేది. మన యాప్ ప్రెస్సీ నుంచి ఆప్షన్లు తీసుకుంది, స్కిన్నర్ నుంచి వ్యసనం తీసుకుంది, మిఠాయి తీసేసింది.

మనస్తత్వవేత్త థార్న్‌డైక్ పెట్టెలో పెట్టిన పిల్లి యత్నదోషాలతో, అంటే తప్పులు చేస్తూ మళ్లీ ప్రయత్నిస్తూ, తలుపు తీసింది కాబట్టి, టెట్‌లో నెగెటివ్ మార్కులు లేకపోవడాన్ని ఆ పిల్లికి ప్రభుత్వ నివాళిగా భావించాలి. మరో మనస్తత్వవేత్త కోహ్లర్ పరీక్షించిన చింపాంజీ సుల్తాన్‌కు, కాసేపు తంటాలు పడ్డాక, కర్రతో పండు అందుకోవచ్చని ఒక్కసారిగా అంతర్దృష్టి తట్టింది. మన అభ్యర్థికి కీ చూడగానే తడుతుంది: “అరె, ముందు ఇదే పెడదామనుకున్నా!”

ఇక పిల్లల బుద్ధి వికాసాన్ని పరిశీలించిన పియాజె. కళ్ల ముందు లేకపోయినా వస్తువు ఉంటుందని నెలల పిల్లలకు తెలియదు, అది క్రమంగా ఏర్పడే భావన అన్నాడు. లైవ్ క్లాసులో ఈ పరీక్ష రాసేది సారు. ఆయనకు ఒక్క మొహం కూడా కనబడదు. అయినా “అర్థమైతే ఎస్ అని పెట్టండి” అంటాడు. తెర పక్కన వరద మొదలవుతుంది: ఎస్ సర్. ఎస్. ఎస్ సర్. ఆడియో రావట్లేదు సర్. ఎస్ సర్. గుంటూరు నుంచి హాయ్ సర్. పీడీఎఫ్ ఎక్కడ సర్. ఎస్. ఆడియో రానివాడు కూడా రెండు నిమిషాల్లో ఎస్ పెడతాడు. ఈ ఎస్‌ల వెనక మనుషులున్నారని, ఆ మనుషులకు అర్థమైందని నమ్మి సారు తర్వాతి టాపిక్‌కి వెళ్తాడు. కనబడనిదాన్ని ఇంతగా నమ్మే శక్తి పియాజె చూసిన పిల్లలెవరికీ లేదు.

రష్యన్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీని పాటిస్తున్నది సర్వీసులో ఉన్న టీచర్లు. తనకంటే తెలిసినవారి సాయంతో మనిషి ఒక మెట్టు పైకి ఎక్కగలడన్నాడు కదా. ఆన్‌లైన్ శిక్షణ కోర్సు వచ్చిన రాత్రే క్విజ్ జవాబులు వాట్సాప్ గ్రూప్‌లో పడతాయి, అందరూ కలిసే మెట్టెక్కుతారు. ‘విద్యార్థి కేంద్రిత బోధన’ వీడియో స్టాఫ్‌రూమ్ బల్ల మీద తనపాటికి తాను ఆడుతుంటుంది. టీచరు మాత్రం మధ్యాహ్న భోజనం లెక్క ఇంకో యాప్‌లో ఎక్కిస్తుంటుంది. ఆమెను తప్పుపట్టలేం, ఆ యాప్‌కి వాట్సాప్‌లో కీ దొరకదు.

జ్ఞాపకశక్తిని పరిశోధించిన జర్మన్ ఎబ్బింగ్‌హాస్ కష్టం తలచుకుంటేనే జాలేస్తుంది. మరుపును కొలవడానికి అర్థం లేని అక్షరాల గుంపులు కూర్చుకుని, వాటిని తానే బట్టీపట్టి, తానే మరిచిపోయి, 1885లో పుస్తకం వేశాడు. మన దగ్గరైతే కోచింగ్‌వాళ్లే ఉచితంగా సరఫరా చేసేవారు. పియాజె నాలుగు దశలు, ఇంద్రియ చాలక, పూర్వ ప్రచాలక, మూర్త ప్రచాలక, అమూర్త ప్రచాలక, ఇంత పొడవు ఎందుకండీ? ‘ఇంపూమూఅ’ అనుకోండి, మార్కు మీదే. పిల్లాడి బుద్ధి ఎలా ఎదుగుతుందో తెలుసుకోవడానికి జీవితం ధారపోసిన మనిషి, పన్నెండు గంటల మారథాన్ వీడియోలో, రెండింతల స్పీడులో, నాలుగు అక్షరాలై పోయాడు.

అందుకే వచ్చే సిలబస్‌కి ఒక బిట్ సూచిస్తున్నాను. ఆన్‌లైన్ తరగతిలో నిజంగా నేర్చుకునేది ఎవరు? ఎ) అభ్యర్థి బి) సారు సి) యాప్ డి) పైవేవీ కావు. మీరు ఏ థంబ్‌నెయిల్‌కి ఆగుతారో, ఎన్నో నిమిషంలో లేచిపోతారో, ఏ టెన్షన్‌లో ఏ ప్యాకేజీ కొంటారో పట్టుదలగా, పునర్బలనంతో సహా నేర్చుకుంటున్నది ఒక్కరే కాబట్టి సరైన జవాబు సి. ప్రాథమిక కీలో ఇంకేదైనా వస్తే గడువులోగా అభ్యంతరం పెట్టండి. లింక్ టెలిగ్రామ్ గ్రూప్‌లో ఉంటుంది, ఫ్రెండ్స్.