నలభై దాటాక చరిత్ర చదవకూడదని చెప్పే సందేశానికి నా జవాబు

ఈ నెలలో ఆ సందేశం నాకు నాలుగుసార్లు వచ్చింది. పైన "నలభై దాటాక స్థానిక చరిత్ర జోలికి పోకండి" అన్న శీర్షిక, కింద ఆరు కారణాలు, చివర ఒక హితవు. పంపినవారందరూ నా ఆప్తులే. ఉద్యోగం చేసుకుంటూ, మిగిలిన సాయంకాలాలు పాత రాతి శాసనాల పాఠాల ముందు కూర్చుంటానని ఎరిగినవారే. నలుగురికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడే రాస్తున్నాను.

మొదటి కారణం, వయసు మీరాక తేదీలు గుర్తుండవట. రాసిపెట్టుకుంటాం. రెండోది, ఈ చదువుతో జీతం పెరగదట. పెరగదు. పెరుగుతుందని ఆశించి ఇందులోకి వచ్చినవారు నాకు ఇంతవరకు తారసపడలేదు.

మూడో కారణం దగ్గర ఆగాలి. "రాజుల చరిత్ర అంతా ఎప్పుడో పుస్తకాలకెక్కింది, ఊళ్లలో కొత్తగా తెలిసేది ఏమీ లేదు" అని రాశారు. ఈ మాట రాసినవారు చందుపట్ల పేరు విన్నారా? రుద్రమదేవి 1295 ప్రాంతం వరకు పాలించిందనే చాలాకాలం అందరూ చదువుకున్నారు. నల్లగొండ జిల్లాలోని ఆ ఊళ్లో 1289 నవంబరు నాటి శాసనం ఒకటి వెలుగులోకి వచ్చింది. రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోక ప్రాప్తి కలగాలని పువ్వుల ముమ్మడి అనే బంటు దేవుడికి భూమి ఇచ్చాడని అందులో ఉంది. అప్పటికే ఆమె లేదన్నమాట. ఒక మహారాణి చివరి రోజుల లెక్కను సరిచేసింది రాజధాని కోట గోడ కాదు, పల్లెటూరి రాయి. అలాంటి రాళ్లు ఇంకెన్ని చెరువుగట్ల మీద, ఎన్ని పొలాల గట్ల మధ్య పడి ఉన్నాయో వెతకకముందే, ఇక ఏమీ లేదని తీర్పు చెప్పడానికి వీరెవరు?

నాలుగో కారణం నన్ను బాధపెట్టింది. ఇది పూర్తికాలం పరిశోధకుల పని, ఉద్యోగస్థులకు కాలక్షేపం మాత్రమేనట. గిడుగు రామమూర్తి 1880లో పర్లాకిమిడి బడిలో పంతులుగా చేరారు. పాఠాలు చెప్పుకుంటూనే ప్రైవేటుగా పరీక్షలకు కట్టి పట్టా తెచ్చుకున్నారు. ముఖలింగం గుడిలోని రాతలు చూసి, వాటిని చదవాలన్న పట్టుదలతో పాత లిపులు సొంతంగా నేర్చుకున్నారు. ఆయన పరిష్కరించిన శాసనం, శాసనాలను ప్రచురించిన ఎపిగ్రాఫియా ఇండికా పత్రికలో అచ్చయింది. కొమర్రాజు లక్ష్మణరావు మునగాల సంస్థానంలో దివానుగిరీ చూసుకుంటూ చరిత్ర రాశారు. సురవరం ప్రతాపరెడ్డి పత్రిక నడుపుతూ రాశారు. అంత దూరం ఎందుకు, ఈ రోజుకూ మనం తిరగేసే కైఫీయతులకు, అంటే పాత గ్రామ చరిత్రలకు, ఊరూరా సమాచారం ఇచ్చిన కరణాలకు చరిత్ర రాయడమే ఉద్యోగమా? శిస్తు లెక్కలు చూసుకునే మనుషులు వాళ్లు.

ఐదోది, సంస్కృతమూ పాత లిపీ రానివారు ఏమీ చేయలేరని. రాకపోతే నేర్చుకుంటారు, చదువంటే అదే కదా. శాసనాల్లో ఒక్కోచోట సంవత్సరాన్ని అంకెలకు బదులు మాటల్లో చెబుతారు. "రస బాణ గగన చంద్ర" అని ఉంటే ఆరు, ఐదు, సున్నా, ఒకటి. కుడి నుంచి ఎడమకు తిప్పి చదివితే శకం 1056, దానికి 78 కలిపితే క్రీ.శ. 1134. ఈ పద్ధతి పట్టుబడడానికి నాకు పది సాయంకాలాలు పట్టింది. లిపి దగ్గర తడబడేవారికి దక్షిణ భారత శాసనాల పదో సంపుటం ఉంది. 1948లో వచ్చిన ఆ సంపుటంలో పాఠాలన్నీ నేటి తెలుగు అక్షరాల్లోనే ఉన్నాయి. అదీ వద్దనుకుంటే పాత భూమి రికార్డులైన ఇనాం రిజిస్టర్లు, తెలంగాణలో 1954-55 ఖాస్రా పహాణీ చూడవచ్చు. ఏ చెరువు కింద ఎవరికి ఎంత మాన్యం ఉండేదో, ఏ పొలానికి ఏ పేరుండేదో అందులో దొరుకుతుంది. దీనికి కావలసింది ఓపిక.

ఇక ఆరోది. "అంత ఆసక్తే ఉంటే మీ ఊరి గుళ్లోని శాసనానికి తెల్లరంగు పూసి, అక్షరాలు తేలేలా దిద్ది, ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. చదివేవారు చదువుతారు. దీనికి చదువెందుకు?"

దీనికే చదువు కావాలి! అరిగిన రాతి మీద ఉన్నది "ప"నో "వ"నో తేల్చడానికి జీవితమంతా శాసనాలు చదివినవారు కూడా రోజుల తరబడి తటపటాయిస్తారు. కుంచె పట్టినవాడు అర నిమిషంలో తేల్చేస్తాడు. తనకు "ప" అని తోచింది గనుక "ప" అనే దిద్దుతాడు. ఆ తరువాత వచ్చినవారికి కనిపించేది ఎనిమిది వందల ఏళ్ల నాటి ఉలి కాదు, నిన్నటి కుంచె. అంకె దగ్గర ఒక్క గీత పక్కకు పోతే శతాబ్దమే మారిపోతుంది. అంతటితో అయిపోదు. ఆ రంగు వదిలించాలని మరొకరు యాసిడ్ పోస్తారు, ఇంకొకరు ఇసుకను ఊదే యంత్రం తెస్తారు. జీర్ణోద్ధరణ పేరుతో అలా ఇసుక కొట్టించిన స్తంభాలను నేను చూశాను. వేలితో తడిమితే గుంతలు తగిలాయి, ఒక్క మాటా తగల్లేదు. వాటికి నకలు లేకపోతే, అందులో ఉన్న ఊరి పేరు, ఇచ్చిన మనిషి పేరు, ఇక ఎప్పటికీ తెలియవు.

అక్షరాలు కనిపించాలంటే ఏటవాలు వెలుతురు చాలు. పొద్దున్నే వెళ్లండి, లేదా చీకట్లో టార్చిని రాతికి ఆనించినట్టు పక్క నుంచి పట్టి, నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయండి. నకలు కావాలంటే నీళ్లతో మెత్తగా కడిగి, తడి కాగితం పరచి, బ్రష్షుతో కొట్టి, పైన సిరా అద్దుతారు. రాయి నల్లగా, అక్షరం తెల్లగా పడుతుంది. అది అనుమతి తీసుకుని, చేయి తిరిగినవారి పక్కన నిలబడి నేర్చుకోవలసిన పని. కేంద్ర ప్రభుత్వ రక్షణలో ఉన్న కట్టడమైతే రంగు పూయడం 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కింద నేరం కూడా.

చివరి హితవులో ఒక మాట మాత్రం నాకు గుచ్చుకుంది. తీరిక వేళల్లో చరిత్ర రాసేవారు తమ ఊరినీ, తమ కులాన్నీ గొప్ప చేసుకోవడానికే రాస్తారని. కాదనబోయి ఆగాను. అందరి విషయంలో కాకపోయినా, చాలామంది విషయంలో అది నిజం. నేనూ కైఫీయతులో చదివిన ఒక ఊరి పేరు కథను ఇష్టపడి, సరిచూడకుండా వ్యాసంలో రాశాను. అంతకు నాలుగు వందల ఏళ్ల ముందటి శాసనంలో ఆ పేరు వేరే రూపంలో ఉంది, కథ నిలబడదు. ఒక వయోధికుడు ఉత్తరం రాసి తప్పు చూపించేదాకా నాకు తెలియలేదు. ఒంటరిగా చదివేవారికి ఆ ప్రమాదం ఉంది, మన రాతను మరొకరికి చూపించి తీరాలి. ఆ మాట రాసినవారికి నా నమస్కారం.

మీలో ఎవరైనా ఈ సందేశాన్ని ఇంకొకరికి పంపి ఉంటే, మిగతా ఐదింటి సంగతి ఎలా ఉన్నా, ఆరోదాన్ని పాటించవద్దని ఈ రోజే వారికి ఫోన్ చేసి చెప్పండి.