బాబాయి గుండు, ఫోను బెట్టు

మా బాబాయి మీసం మా వంశానికి ఉమ్మడి ఆస్తి. తపాలా శాఖలో చేరిన రోజు నుంచి రిటైరయ్యేదాకా దాని మీద కత్తెర ఆడిందే తప్ప కత్తి పడలేదు. అలాంటి మీసాన్ని, దానికి తోడు నెత్తి మీద మిగిలిన నాలుగు వెంట్రుకలను, కొడుక్కి ఉద్యోగం వస్తే సమర్పించుకుంటానని ఏడుకొండలవాడికి మొక్కేశాడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చేసింది. ఇంటిల్లిపాదీ తిరుమల బయలుదేరాం. మా నాన్నకు మొక్కేమీ లేదు. అయినా తమ్ముడు ఒక్కడే గుండుతో తిరిగితే బాగుండదని తనూ తల వంచాడు.

కల్యాణకట్టలో పక్కపక్కన కూర్చుని ఇద్దరూ లేచేసరికి, గంధం పూసుకున్న ఆ రెండు గుండ్లలో తన మొగుడెవరో తేల్చుకోవడానికి మా అమ్మకు కాస్త సమయం పట్టింది. పిన్ని మాత్రం తడుముకోలేదు. తిన్నగా బాబాయి ముందుకొచ్చి నిలబడింది.

"మీసం కూడా మొక్కులో ఉందా?"

"ఉంది."

"నాతో అనలేదే?"

"దేవుడితో అన్నాను కదా."

అప్పటి నుంచి పిన్ని నోరు విప్పలేదు. ఈ మౌనంతో మనకు ముందు ముందు పని పడుతుంది, గుర్తుంచుకోండి.

మర్నాడు గది ఖాళీ చేశాం. తిరుమలలో 2023 మార్చి నుంచి గదుల కేటాయింపు దగ్గర ముఖ గుర్తింపు పెట్టారు. దళారులు ఒకరి పేరున గది తీసుకుని మరొకరికి అమ్ముకోకుండా ఈ ఏర్పాటు. జుట్టుతో గది తీసుకుని గుండుతో ఖాళీ చేసే జనం అక్కడ వేలల్లో ఉంటారు కాబట్టి, ఆ కెమెరాకు మనుషుల మీద ఎక్కడా లేని ఓర్పు ఉండాలి. బాబాయి వంక ఒక చూపు చూసింది, ఒప్పుకుంది. బాబాయి ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

దర్శనానికి ఫోను తీసుకెళ్లనివ్వరు కాబట్టి కౌంటరులో అప్పగించాం. ఇచ్చేముందు బాబాయి తన ఫోనును పూర్తిగా ఆపేశాడు. లోపల ఎంతసేపు పడుతుందో ఏమో, ఊరికే ఛార్జింగ్ దండగ అని. దర్శనమైంది. బయటికి వస్తుంటే చేతిలో పెట్టే చిన్న లడ్డును బాబాయి కాగితంలో చుట్టి లాల్చీ జేబులో వేసుకున్నాడు. కౌంటరులో ఫోను తీసుకుని, ఆన్ చేసి, అదే జేబులో లడ్డు పక్కన పడేశాడు. వ్యవహారమంతా ఈ జేబులోనే ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు.

ఎదురుగా టీ కొట్టు. "ఈరోజు ఖర్చంతా నాదే, ఎవరైనా జేబులో చెయ్యి పెడితే ఊరుకోను" అని బాబాయి ప్రకటించి, అందరికీ టీలు, రెండు ప్లేట్ల మిరపకాయ బజ్జీలు చెప్పాడు. తిన్నాం, తాగాం. బాబాయి ఫోను తీసి, గోడకు అంటించిన స్కానర్ ముందు నిలబడి, ఫోనును ముఖానికి ఎదురుగా పెట్టుకున్నాడు.

ఫోను సన్నగా వణికింది. తెరుచుకోలేదు.

ఇంకాస్త దగ్గరగా పెట్టాడు. దూరంగా పెట్టాడు. కళ్లజోడు తీశాడు, మళ్లీ పెట్టాడు. నీడలోంచి ఎండలోకి, ఎండలోంచి నీడలోకి నడిచాడు. ఫోను ప్రతిసారీ తల అడ్డంగా ఊపినట్టు వణికి ఊరుకుంది.

"గుండు, నాన్నా! మిమ్మల్ని పోల్చుకోలేకపోతోంది" అన్నాడు మా తమ్ముడు, అంటే బాబాయి సుపుత్రుడు.

బాబాయికి రోషం వచ్చింది. "దేవస్థానం కెమెరా గుర్తుపట్టింది. కేంద్ర ప్రభుత్వం గుర్తుపడుతోంది. ఏటా నవంబరులో ఈ ఫోను ముందే రెప్పలార్పి బతికే ఉన్నానని రుజువు చేసి పింఛను తీసుకుంటున్నాను. నేను డబ్బు పోసి కొన్న ఫోనుకు మాత్రం నేను పరాయివాడినా?"

మాట వరసకు అన్నా అందులో అబద్ధం లేదు. పింఛనుదారులు ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ పత్రం తీసుకునే సదుపాయం 2021 నవంబరులోనే వచ్చింది. అదివరకు బాబాయి బ్యాంకుకు వెళ్లి మేనేజరు ఎదుట బతికి ఉండాల్సి వచ్చేది.

ఇక సలహాలు మొదలయ్యాయి. మన దగ్గర ఫోను మొరాయిస్తే సలహా చెప్పడానికి ఫోను ఉండాల్సిన అవసరం కూడా లేదు. పక్క బల్ల మీద కూర్చున్న పెద్దాయన, నుదుటి మీది నామం అడ్డొస్తోంది, చెరిపేయమన్నాడు. కొండ మీద నామం చెరపడమేమిటని ఆయన భార్య ఆయనను కసిరింది. అమ్మ కొంగు తెచ్చి బాబాయి గుండు మీది గంధం తుడవబోయింది. మా అన్నయ్య కూతురు సంచిలోంచి కాటుక డబ్బీ తీసుకొచ్చి, ఎవరూ ఆపేలోగా బాబాయి పెదవి మీద నల్లటి మీసం దిద్దేసింది. ఒక కొస పైకి, ఒక కొస కిందికి. ఫోను దాన్నీ లెక్కచేయలేదు. కొట్టు ముందు మాత్రం జనం పెరిగారు.

అప్పుడు నాన్నకు అసలు విషయం తట్టింది. "ఒరేయ్, ఫోను కొన్నప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. ముఖం ఎక్కిస్తున్నప్పుడు నువ్వు ఆ షాపువాడితో పోట్లాడుతున్నావు. పౌచ్ ఉచితంగా ఇవ్వనన్నాడని. దానికి తెలిసింది నీ కోపం ముఖమే. కోప్పడు."

"కోపం రావాలి కదా అన్నయ్యా."

రప్పించడానికి అందరం తలో చెయ్యి వేశాం. ఎప్పుడో పెళ్లి పందిట్లో బాబాయి తరఫువాళ్లకు పెరుగు చాల్లేదన్న సంగతి అమ్మ ఎత్తింది. తపాలా శాఖలో అసలు పనే ఉండేది కాదట కదా అని నేనన్నాను. నాన్న ఏకంగా ఊళ్లో పొలం గట్టు తగాదా తీశాడు. బాబాయి ముఖం కందగడ్డలా ఎర్రబడింది, కాటుక మీసం అదిరింది. ఆ అదురుతున్న ముఖానికి ఎదురుగా నేను ఫోను పట్టుకున్నాను. ఫోను వణికింది, అంతే. పొలం గట్టు తగాదా మాత్రం నిజంగానే మళ్లీ రాజుకుంది.

మా తమ్ముడు తండ్రిని ఊరడించే పని పెట్టుకున్నాడు. "ఇది పెద్దపెద్దవాళ్లకూ తప్పలేదు నాన్నా. 2011లో హాంకాంగ్‌లో గెలాక్సీ నెక్సస్ ఫోను విడుదల సభలో, ముఖం చూపిస్తే తెరుచుకుంటుందని చూపించబోతే వేదిక మీదే తెరుచుకోలేదు. 2017లో ఆపిల్ వాళ్లు ఫేస్ ఐడీ తెచ్చినప్పుడు కూడా అంతే. వాళ్ల పెద్ద ఆఫీసరు వేదిక మీద ముఖం చూపిస్తే, ఫోను తెరుచుకోక తాళం నంబరు కొట్టమంది. సభకు ముందు తెర వెనక చాలామంది దాన్ని పట్టుకుని చూశారట. ఆ ముఖాలన్నీ చూసి, ఎవరూ యజమాని కాకపోయేసరికి అది బిగుసుకుపోయింది."

"వాళ్లు బజ్జీలు తిని డబ్బులివ్వకుండా నిలబడ్డారా?" అన్నాడు బాబాయి.

ఇంతసేపూ మాట్లాడకుండా టీ వడపోస్తున్న కొట్టతను అప్పుడు నోరు విప్పాడు. "ఫోను ఆపేసి కౌంటరులో ఇచ్చారు కదండీ? ఆన్ చేశాక మొదటిసారి నంబరు కొట్టాల్సిందే. ముఖం ఆ తర్వాతే. అక్కడ కింద తెలుగులోనే రాసి ఉంటుంది చూడండి. రోజూ ఎవరో ఒకరికి ఇదే గొడవ."

చూశాం. నిజంగానే రాసి ఉంది, చిన్న అక్షరాలతో.

"మరి ఇందాకే చెప్పొచ్చు కదయ్యా!"

"తమరు కోపంగా ఉన్నారు, మధ్యలో ఎందుకులెమ్మని ఊరుకున్నానండి."

తమ్ముడు నాలుక కరుచుకున్నాడు. హైదరాబాదులో అతనికి జీతమిచ్చేది ఇలాంటివి తెలిసినందుకే. ఫోనులో ఉన్న సమాచారమంతా తాళంలో ఉంటుందని, ఆపి ఆన్ చేశాక ఆ తాళం నంబరుతో తప్ప రాదని, ముఖం, వేలిముద్ర ఆ తర్వాతి సౌకర్యాలేనని ఇప్పుడు వివరంగా చెప్పడం మొదలుపెట్టాడు. వినే ఓపిక ఎవరికీ లేదు. బాబాయి నంబరు మర్చిపోయాడు. ముఖం ఉండగా నంబరెందుకని ఏ నాడో వదిలేశాడు.

పుట్టిన సంవత్సరం కొట్టాడు. ఉద్యోగంలో చేరిన సంవత్సరం కొట్టాడు, రిటైరైన సంవత్సరం కొట్టాడు. కొడుకు పుట్టిన సంవత్సరం కొట్టాడు, పెళ్లి సంవత్సరం కొట్టాడు. ఆ చివరిది కాస్త ఆలోచించి కొట్టినందుకు పిన్ని చూసిన చూపు నేను చూశాను. ఫోను విసిగిపోయి 30 సెకన్లు ఆగమంది. ఆగాం. ఎవరూ మాట్లాడలేదు. బజ్జీల మూకుడు చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

"పాత చేతక్ స్కూటర్ నంబరు కొట్టండి" అంది పిన్ని, నిన్నటి నుంచి దాచుకున్న గొంతుతో.

కొట్టాడు. తెరుచుకుంది.

జనం చప్పట్లు కొట్టారు. బాబాయి మాత్రం ఫోను వైపు చూడలేదు, పిన్ని వైపు చూశాడు. "నీకెలా తెలుసు?"

"మీసం సంగతి నాకు చెప్పారా?" అంది పిన్ని.

డబ్బులు చెల్లించాడు. ఇక అంతా సర్దుకుందనుకుని బాబాయి ఫోనును ఒకసారి మూసి, మళ్లీ ముఖం ముందు పెట్టాడు. తెరుచుకోలేదు! ఈసారి నంబరు కాదు, నిజంగా ముఖం గొడవే. తమ్ముడు ఫోను లాక్కుని వెలుతురులోకి తిప్పి చూశాడు. ముందు కెమెరా మీద ఒక మసక పొర. వేలితో రాస్తే జారింది. వాసన చూశాడు. నెయ్యి. పొరకు ఒక అంచున కలకండ పలుకొకటి అంటుకుని మెరుస్తోంది. శ్రీవారి లడ్డు, కాగితం దాటుకుని, జేబు గుండా కెమెరా దాకా వచ్చి పట్టు వేసింది. పంచె చెంగుతో తుడిచాడు. బాబాయి ఎదురుగా పెట్టగానే ఫోను టక్కున తెరుచుకుంది. గుండు అలాగే ఉంది, గంధం ఉంది, నామం ఉంది, కాటుక మీసం ఉంది. అన్నిటితో సహా ఒప్పుకుంది.

కళ్లు, ముక్కు, నోరు, వాటి మధ్య దూరాలే దానికి ముఖ్యమని, జుట్టును అంతగా పట్టించుకోదని తమ్ముడు చెప్పాడు. బాబాయి సంతోషిస్తాడనుకున్నాం. చిన్నబుచ్చుకున్నాడు. అన్నేళ్లు పెంచిన మీసం తీసేస్తే దానికి తేడాయే తెలియలేదా అని కొండ దిగేదాకా గొణుగుతూనే ఉన్నాడు.

ఇంటికి చేరగానే చేసిన మొదటి పని నంబరు మార్చడం. తలుపేసుకుని మార్చాడు. పనిలో పనిగా పాత ముఖం తీసేసి గుండు ముఖాన్ని కొత్తగా ఎక్కించాడు. మీలా కనిపించే వారెవరైనా ఈ ఫోనును తెరవగలరని అప్పుడు ఫోను ఒక హెచ్చరిక చూపిస్తుంది. బాబాయి అలాంటివి చదివే మనిషి కాదు, సరే అని నొక్కేశాడు. ఆపిల్ ఫోనులయితే ముఖం మీద 30 వేలకు పైగా కంటికి కనిపించని చుక్కలు వేసి లోతు కొలుస్తాయి. పరాయివాడి ముఖానికి తెరుచుకునే అవకాశం పది లక్షల్లో ఒకటని చెప్పుకునే ఆ కంపెనీ కూడా, కవలలు, పోలికలున్న అన్నదమ్ముల దగ్గర ఆ లెక్క మారుతుందని ముందే ఒప్పుకుంది. బాబాయిది చుక్కలూ లోతులూ లేని మామూలు కెమెరా ఫోను. నాన్నదీ బాబాయిదీ ఒకే ముక్కు, ఒకే గుండు.

బాబాయి సాయంత్రం నడకకు ఫోను తీసుకెళ్లడు, బరువట. నిన్న ఆయన వీధి మలుపు తిరగగానే పిన్ని మా ఇంటి గడప దాకా వచ్చింది. నాన్న పేపరు చదువుతున్నాడు. పిన్ని గుమ్మం పక్కన ఒదిగి నిలబడి, పైట భుజం నిండా కప్పుకుని, ఎంతో మర్యాదగా చెయ్యి ముందుకు చాపింది.

"బావగారూ, పేపరు కాస్త దించి ఒక్కసారి ఇటు చూస్తారా?"