ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా

ప్రసూతి సెలవు 26 వారాలు, అంటే ఆరు నెలలు. అంగన్‌వాడీలో పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఆటపాటలు నేర్పేది మూడేళ్లు నిండాక. అంతకుముందు బాలామృతం అనే పోషకాహార పొడి ప్యాకెట్ ఇంటికి ఇస్తారు కానీ బిడ్డను మాత్రం ఇంట్లోనే చూసుకోవాలి. మరి ఈ రెండున్నరేళ్లు చూసేదెవరు? వరంగల్, హన్మకొండ, కాజీపేటలో ఉద్యోగాలు చేసే తల్లులకు ఇంతకు మించిన టెన్షన్ లేదు. నర్సంపేట నుంచో పరకాల నుంచో అమ్మమ్మ వచ్చి కొన్నాళ్లు ఉంటుంది. పత్తి ఏరే రోజులు రాగానే ఆమె ఊరికి పోక తప్పదు. ఇక మిగిలేది పక్క వీధిలో ఎవరో ఇంట్లో తెరిచిన డే కేర్.

అక్కడికి వెళ్లిన తల్లిదండ్రులు ముందుగా అడిగేది ఫీజు, ఆ తర్వాత ఏసీ, సీసీ కెమెరాలు. వాటిని అడగడంలో తప్పు లేదు. కానీ అన్నిటికంటే ముందు అక్కడ పిల్లల్ని చూసుకునే ఆయమ్మ గురించి తెలుసుకోవాలని మా గట్టి నమ్మకం. ఆమె అక్కడ ఎన్నాళ్లుగా పనిచేస్తోంది, జీతం సమయానికి అందుతోందా, ఆమె సెలవు పెట్టిన రోజు పిల్లల్ని ఎవరు చూస్తారు అని మొహమాటపడకుండా అడగండి. ఎనిమిది తొమ్మిది నెలల పిల్లలు కొత్త ముఖం కనిపిస్తేనే బెదురుతారు. అలాంటి బిడ్డను మూడు నెలలకో కొత్త మనిషి చేతిలో పెడితే తిండి తగ్గుతుంది, నిద్ర చెడుతుంది. ఆయమ్మలు నిలబడని చోట ఏదో లోపం ఉన్నట్టే. చాలీచాలని జీతానికి పొద్దుగూకేదాకా పది మంది పసివాళ్లను మోసే మనిషి నుంచి ఓపిక ఆశించడం అన్యాయం కూడా. ఏడాది లోపు పిల్లలైతే ఒక్కరు చూడగలిగేది మహా అయితే ముగ్గురిని. అంతకు మించి ఒక్కరికే అప్పగించే కేంద్రానికి బిడ్డను ఇవ్వకపోవడమే మంచిది.

చేర్చే ముందు ఒకసారి చెప్పకుండా వెళ్లండి. ఉదయం కాదు, మధ్యాహ్నం రెండు మూడు గంటల మధ్య. పిల్లలు పడుకునే గది ఎలా ఉందో, ఆ సమయంలో వాళ్ల దగ్గర ఎవరున్నారో అప్పుడే తెలుస్తుంది. చంటిపిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టారా చూడండి. బాత్‌రూమ్‌లో నీళ్లు నింపిన బకెట్ ఉందా చూడండి, నడక నేర్చే బిడ్డ బోర్లా పడితే నాలుగు వేళ్ల లోతు నీళ్లు కూడా ప్రాణం తీస్తాయి. సంపు మూత, మెట్ల దగ్గర గేటు, ఇన్వర్టర్ వైర్లు కూడా చూడండి. పల్లీలు, పుట్నాలు, కోయని ద్రాక్షపండ్లు చిన్నపిల్లలకు పెడుతున్నారా అడగండి. అవి గొంతుకు అడ్డం పడతాయి. తల్లిదండ్రులు లోపలికి రాకూడదనే కేంద్రమైతే అక్కడితో మాట ఆపేయవచ్చు.

ఇంకొక మాట చెప్పడానికి మాకు బాధగా ఉంది, అయినా చెప్పాలి. బిడ్డ రోజూ సాయంత్రం మత్తుగా ఇంటికి వస్తుంటే అలసటేలే అని సరిపెట్టుకోకండి. పిల్లలు పడుకుంటే చాలనుకుని జలుబు సిరప్ తాగించేవాళ్లు ఉంటారు. ఆ సిరప్‌లలో ఎక్కువగా కనిపించే ఒక మిశ్రమాన్ని నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులోనే చెప్పింది. మీరు రాసివ్వని ఏ మందూ బిడ్డ నోట్లో పడకూడదని మొదటి రోజే తేల్చి చెప్పండి.

మన ఊరికి ప్రత్యేకంగా అడగాల్సిన ప్రశ్న కూడా ఒకటుంది. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో కాలనీలకు కాలనీలే మునిగాయి. నాలా పక్కన, గ్రౌండ్ ఫ్లోర్‌లో నడిచే కేంద్రంలోకి నీళ్లొస్తే పిల్లల్ని ఎత్తుకుని ఏ ఇంటికి, ఏ మెట్ల మీదుగా వెళ్తారు? తడుముకోకుండా జవాబు రావాలి. పై అంతస్తులో రేకుల కింద నడిపితే మే నెల ఎండ సంగతి అడగండి.

ఇదంతా ఫీజు కట్టగలిగినవాళ్ల మాట. గీసుగొండ దగ్గర టెక్స్‌టైల్ పార్కులో పనిచేసే మహిళలు, రెండో షిఫ్టుకు వెళ్లే నర్సులు, సిమెంటు తట్ట మోసే తల్లులు ఎక్కడికి వెళ్లాలి? 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం ప్రకారం 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థా శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన 2020 సామాజిక భద్రతా స్మృతిలోనూ ఈ నిబంధన ఉంది. మన ఆసుపత్రులు, షోరూమ్‌లు, కార్పొరేట్ కళాశాలల్లో ఎన్ని దీన్ని పాటిస్తున్నాయో కార్మిక శాఖ తనిఖీ చేసి ప్రజలకు చెప్పాలి. ఆయా సంస్థల్లో పనిచేసే తల్లులు ఒంటరిగా అడిగితే ఉద్యోగానికే ముప్పు వస్తుందని భయపడతారు. అందుకే సంఘాలు కలిసి రాతపూర్వకంగా అడగాలి.

మహానగర పాలక సంస్థ కూడా తన వంతు పని చేయాలి. ఏ డివిజన్‌లో ఎన్ని డే కేర్‌లు ఉన్నాయి, ఎందరు పిల్లలకు ఎందరు ఆయమ్మలు, అగ్నిమాపక తనిఖీ ఎప్పుడు జరిగిందో వార్డు కార్యాలయం గోడ మీద రాసి పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు. జూన్‌లో బడులు తెరిచేలోపు, కొత్తగా పిల్లల్ని చేర్చే రోజులు రాకముందే ఆ జాబితా బయటపెట్టాలని మేయర్‌ను, కమిషనర్‌ను కోరుతున్నాం.