స్పృహ తప్పిన స్టోరు బాబు

మా ఫ్యాక్టరీలో సైరన్ మోగిందంటే అర్థం ఒక్కటే. అన్నం. పలాస జీడి ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకి ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. కూత వినపడగానే కటింగ్ షెడ్డులో మెషిన్లు ఆగుతాయి, పొట్టు తీసే ఆడవాళ్లు ఒళ్లు దులుపుకుని లేస్తారు, క్యారేజీలు చేతుల్లోకి వచ్చేస్తాయి. విశాఖపట్నం నుంచి వచ్చిన సేఫ్టీ ఆయనకి మాత్రం ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

మార్చి 4 జాతీయ భద్రతా దినం. 1966లో ఆ తేదీనే జాతీయ భద్రతా మండలి పుట్టింది కాబట్టి ఆ రోజు దేశమంతా ఫ్యాక్టరీల గేట్లకి బ్యానర్లు కడతారు. మా గేటుకీ కట్టారు. జాగ్రత్తలు పాటించమని చెప్పే ఆ బ్యానర్ కట్టడానికి మా వాచ్‌మన్ ఎక్కింది రెండు జీడిపప్పు డబ్బాల మీద నిలబెట్టిన ప్లాస్టిక్ కుర్చీ. కింద పడలేదు. అందుకే అది ఇక్కడ కథ కాలేదు.

సేఫ్టీ ఆయన గంటసేపు బొమ్మలు వేసి చూపించారు. చెప్పినవన్నీ నిజాలే. జీడిపిక్క పెంకులో ఉండే నూనె ఒంటికి తగిలితే కాలుతుందన్నారు. అరచేతులు నల్లబడిపోయిన ఆడవాళ్లు ఆయన వైపు జాలిగా చూశారు. గ్లౌజులు వేసుకోవాలన్నారు. గ్లౌజులు మేం ఎప్పుడో ఇచ్చాం, అవి ఇప్పుడు వాళ్ల ఇళ్లలో పొయ్యి మీది గిన్నెలు దించుతున్నాయి. వాళ్ల తప్పేం లేదు. గ్లౌజు వేసుకుంటే వేలికి పట్టు తెలీదు, గుండు, అంటే విరగని పప్పు, కాస్తా బద్ద అవుతుంది, కూలేమో కిలోల లెక్క. కడుపు ఒక పక్క, చెయ్యి ఒక పక్క ఉంటే ఎవరైనా కడుపు వైపే ఉంటారు. అందుకని నూనె, బూడిద పూసుకుని లాగించేస్తారు.

ఆ ఉపన్యాసంలో జనం నిద్ర లేచింది ఒక్కసారే. అప్పట్లో అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో ఎక్కడపడితే అక్కడ ఉమ్మితే 5 రూపాయలకు మించకుండా జరిమానా ఉందని ఆయన అనగానే, కిళ్లీ బుగ్గన పెట్టుకున్న మా మేస్త్రీ చెయ్యెత్తాడు. "బావూ, పది రూపాయలు ముందే కట్టీస్తే రెండుసార్లకి సరిపోద్దా?"

షెడ్డంతా గొల్లుమంది. మేనేజర్ గారు కళ్లెర్రజేశారు గానీ, ఆ రోజు చెప్పిన చట్టం మొత్తంలో మా వాళ్లకి ఇప్పటికీ గుర్తున్న సెక్షన్ అదొక్కటే.

నిజానికి కటింగ్ షెడ్డులో భద్రతా శాఖ ఎప్పట్నుంచో ఉంది. దానికి అధిపతి అక్కడి పెద్దావిడ. కొత్తగా పెళ్లయి పనిలో చేరిన పిల్లకి ఆవిడ చెప్పిన పాఠం నేను చెవులారా విన్నాను. "ఒలే గుంటా, చెయ్యి కడక్కుండా నీ మొగుడి మొకం ముట్టుకోకే. తెల్లారేసరికి బూరెలాగ పొంగిపోతే, నువ్వే కొట్టినావని ఊరంతా అనుకుంటాది." ఆ పిల్ల ఆ రోజు నుంచి మోచేతుల దాకా తోముకోకుండా గేటు దాటదు. పోస్టరు మీది పుర్రె బొమ్మకి ఎవరూ ఇంత భయపడలేదు.

ఇక డ్రిల్ సంగతి. అంటే ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో ఉత్తుత్తిగా చేసి చూసుకోవడం. బాయిలర్ దగ్గర నిప్పు అంటుకున్నట్టు, పొగకి ఒక మనిషి స్పృహ తప్పినట్టు, సైరన్ వినగానే అందరూ గేటు పక్క వేపచెట్టు కిందకి చేరినట్టు, ఇద్దరు కుర్రాళ్లు స్ట్రెచర్ మీద మనిషిని మోసుకొచ్చినట్టు అనుకున్నారు. స్పృహ తప్పే పని మా స్టోరు బాబుకి అప్పజెప్పారు. సంతకం లేకుండా మేకు ముక్క కూడా ఇవ్వని మనిషి. "మిమ్మల్ని ఎత్తి మోసేదాకా కదలకూడదు, పలకకూడదు" అని సేఫ్టీ ఆయన చెబితే, "ఎంత లేటయినా?" అని ఒకటికి రెండుసార్లు అడిగి మరీ, తెల్ల చొక్కా మాయకుండా గోనెసంచులు పరుచుకుని పడుకున్నారు.

సైరన్ మోగింది. అప్పటికి పన్నెండూ పది. అన్నం కూత పన్నెండున్నరకి రావాలి. ఇరవై నిమిషాలు ముందే వచ్చిందంటే మంచిదే కదా అనుకున్నారు జనం. మా వాళ్లు రోజూ తినేది కూడా ఆ వేపచెట్టు కిందే. రెండు నిమిషాల్లో షెడ్లన్నీ ఖాళీ. స్టాప్‌వాచ్ పట్టుకుని చెట్టు కింద నిలబడ్డ సేఫ్టీ ఆయన మొహం వెలిగిపోయింది. ఇంత క్రమశిక్షణ ఏ ఫ్యాక్టరీలోనూ చూడలేదన్నారు. "మరి ఆ క్యారేజీలెందుకు?" అని అడిగితే మా మేనేజర్ గారు తడుముకోకుండా "అత్యవసర వస్తువులండీ" అన్నారు. తర్వాత ఆయన్ని భోజనానికి ఆఫీసులోకి తీసుకెళ్లిపోయారు.

చెట్టు కింద చేరాక అసలు పని తలలు లెక్కపెట్టడం. లోపల ఎవరైనా ఉండిపోయారేమో తెలిసేది దాంతోనే. మా దగ్గర నిమిషాలు లెక్కపెట్టారు గానీ తలలు పెట్టలేదు. స్ట్రెచర్ కుర్రాళ్లు కూడా ఆకలిగొన్న మనుషులే. స్ట్రెచర్‌ని నేలమీద పరిచి, దాని మీద కూర గిన్నెలు సర్దుకున్నారు.

ఊడ్చే ఆవిడ చీపురు కోసం బాయిలర్ షెడ్డులోకి వెళ్లింది. "ఓలమ్మో! స్టోరు బావు పడిపోనాడు! లెగడం లేదు!" 2018లో తిత్లీ తుపాను ఉద్దానం తోటల్ని కూల్చిన రాత్రి కూడా అంత గట్టి కేక మేం వినలేదు. అందరం పరిగెత్తాం. "గాలాడనీండి, గాలాడనీండి" అంటూ అందరూ మీద పడ్డారు. ఒకరు అరికాళ్లు రుద్దుతున్నారు. ఇంకొకరు ఆయన మొలతాడుకున్న తాళాల గుత్తి లాగి ఆయన గుప్పిట్లోనే పెట్టి బిగించారు. ఫస్ట్ ఎయిడ్ పెట్టె తాళంచెవి ఆ గుత్తిలోనే ఉంది. ఆ పెట్టె సంగతి ఎవరికీ తట్టలేదు, అది వేరే విషయం. చద్దన్నంలో నంజుకోడానికి తెచ్చుకున్న ఉల్లిపాయని చిదిపి ముక్కు దగ్గర పెట్టారు.

స్టోరు బాబు కదల్లేదు. ఆయన్ని ఇంకా ఎవరూ ఎత్తి మొయ్యలేదు కదా! ఎడమ కంట్లోంచి మాత్రం ఒక చుక్క జారింది. "పేణం ఉంది, ఏడుస్తున్నాడు!" అని పెద్దావిడ కూడా గొల్లుమంది. ఎవరో నోరు తెరిచి చెంబెడు నీళ్లు పోశారు. అవి పోవలసిన దారిన పోకుండా ఊపిరి దారిన పోయాయి. ఆయన ఎగిరి కూర్చుని, దగ్గుతూ, ఉక్కిరిబిక్కిరవుతూ, కళ్లు తుడుచుకుంటూ అడిగిన మొదటి మాట: "స్ట్రెచరేదీ?"

స్ట్రెచర్ మీద అప్పటికి చారు ఒలికిపోయి ఉంది.

పెరుగన్నం చేత్తోనే సేఫ్టీ ఆయన పరిగెత్తుకొచ్చారు. పొద్దున్న గంటసేపు ఎవరూ వినని మనిషి చెప్పేది ఇప్పుడు అందరూ నోరు తెరుచుకుని విన్నారు. స్పృహలో లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు. ఊపిరి ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. మూర్ఛ వచ్చినా సరే, చేతిలో తాళాలు పెడితే ఒరిగేదేం లేదు. చుట్టూ మూగకూడదు. ఎలా తిప్పాలో చూపించడానికి స్టోరు బాబుని మళ్లీ పడుకోబెట్టారు. ఆడవాళ్లు వంతులేసుకుని ఆయన్ని దొర్లించి నేర్చుకున్నారు. ఆయన నవ్వు ఆపుకోలేక "సంతకం పెట్టి దొర్లించండమ్మా" అంటున్నారు.

ఆ నవ్వు వల్ల ఇంకో పని జరిగింది. మా గోడౌన్‌లో ఒక కుర్రాడు హెల్మెట్ పెట్టుకుంటే "కలెక్టరు బావొచ్చినారు" అని ఏడిపించేవారు. రెండ్రోజుల్లో తీసేశాడు. ఓ రోజు అట్టీలోంచి, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన బస్తాల దొంతరలోంచి, 80 కిలోల పిక్కల బస్తా జారి వాడి భుజం పక్కనుంచి పడింది. చెబితే మళ్లీ నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. స్టోరు బాబంతటి మనిషి తన మీద తనే నవ్వుకోవడం చూశాక, మర్నాడు టీ దగ్గర నోరు విప్పాడు. అట్టీ ఎత్తు తగ్గించింది ఆ తర్వాతే. 1931లో హెన్రిచ్ అనే అమెరికా బీమా ఉద్యోగి, ఒక పెద్ద ప్రమాదం వెనక 29 చిన్న దెబ్బలు, దెబ్బ తగలకుండా తప్పిపోయినవి 300 ఉంటాయని లెక్క కట్టాడు. ఆ అంకెల మీద తర్వాతివాళ్లు చాలా తగువులాడుకున్నారు. మా దగ్గర ఆ తప్పిపోయినవి రాసుకునే రిజిస్టరు అప్పటిదాకా తెల్లగానే ఉండేది. మొదటి పేజీ స్టోరు బాబు స్వయంగా రాశారు: "నీరు శ్వాసనాళమున ప్రవేశింపబోయినది. కారణం: భోజన విరామము."

ఈ ఏడూ స్పృహ తప్పమని ఆయన్నే అడిగారు. ఒప్పుకున్నారు గానీ షరతులు కాగితం మీద పెట్టారు. డ్రిల్ భోజనాలయ్యాక జరగాలి. సైరన్ బదులు వేరే గంట కొట్టాలి. స్ట్రెచర్ ముందే స్టోరులో జమ చెయ్యాలి. ఉల్లిపాయ నిషిద్ధం. మేనేజర్ గారు చదివి సంతకం పెట్టారు.

కటింగ్ షెడ్డులో ఆ కాగితం చదివి వినిపిస్తే పెద్దావిడ ఒప్పుకోలేదు. "ఉల్లిపాయ ఒగ్గీస్తాం గానీ బావూ, దొర్లించడం మటుకు మేమే దొర్లిస్తాం."