లెజెండ్ బాక్సు కాస్త జరపండి

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత పుట్టేనాటికి కణ భౌతిక శాస్త్రం పుట్టలేదు. పుట్టి ఉంటే ఆ సోమలింగం ద్రవ్యరాశి ఎంత, స్పిన్ ఎంత, పుట్టీపుట్టగానే ఏయే కణాలుగా విడిపోతాడు అని దాదాపు 500 పేపర్లు వచ్చి ఉండేవి. నేనేమీ పెంచి చెప్పడం లేదు. 2015 డిసెంబర్ 15 నుంచి 2016 ఆగస్టు 5 దాకా లోకంలోని సిద్ధాంతకర్తలందరూ కలిసి చేసింది ఈ పనే. అందులో మా గ్రూపు వాటా ఒక పేపరు. ఆ పేపరు గతి చెబుతాను.

ఆ డిసెంబర్ రోజున జెనీవా దగ్గరి కణ భౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లో అట్లాస్, సీఎంఎస్ అనే రెండు ప్రయోగ బృందాలు తమ ఫలితాలు చూపించాయి. లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లో ప్రోటాన్లను 13 టీఈవీ శక్తితో (ఒక టీఈవీ అంటే వెయ్యి జీఈవీ, మా లోకంలో శక్తికీ బరువుకీ ఇదే కొలత) ఢీకొట్టించి, రెండు ఫోటాన్లు, అంటే కాంతి కణాలు, బయటపడ్డ సంఘటనలను ఏరి గ్రాఫ్ గీశారు. శక్తి పెరిగేకొద్దీ గీత నున్నగా దిగిపోవాలి. దిగుతూ దిగుతూ 750 జీఈవీ దగ్గర కాస్త ఉబ్బింది. అంటే, అంత బరువున్న కొత్త కణం ఏదో ఉండొచ్చు. ఆ ఉబ్బులో ఉన్న అదనపు సంఘటనలను లెక్కపెట్టడానికి కాళ్లవీ చేతులవీ వేళ్లు చాలు. కానీ రెండు బృందాలకూ ఒకేచోట కనిపించింది. పైగా 2012లో హిగ్స్ బోసాన్ తొంగిచూసిన గ్రాఫ్‌లలో ఈ రెండు ఫోటాన్ల గ్రాఫ్ ఒకటి. హిగ్స్ 125 దగ్గర ఉంటే ఇది దానికి ఆరు రెట్ల బరువు. ఇంకేం కావాలి?

నిజానికి ఇంకా చాలానే కావాలి. కొత్త కణం దొరికిందని ప్రకటించాలంటే ఐదు సిగ్మాలు రావాలి. అంటే, ఏ కణమూ లేకుండానే అంత ఉబ్బు కాకతాళీయంగా వచ్చే అవకాశం 35 లక్షల్లో ఒకటి మాత్రమే ఉండాలి. అట్లాస్‌కు వచ్చింది 3.6, సీఎంఎస్‌కు 2.6. అంత పొడుగు గ్రాఫ్‌లో ఎక్కడో ఒకచోట ఏదో ఒక ఉబ్బు వస్తుంది కదా అన్న సంగతి కూడా లెక్కలోకి తీసుకుంటే మొదటిది రెండు దగ్గరికి, రెండోది ఒకటి పైచిలుకుకి దిగిపోతాయి. ఈ మాట ప్రయోగాలవాళ్లు ఆ రోజే చెప్పారు. సిద్ధాంతాలవాళ్లు అప్పటికే లేచి వెళ్లిపోయారు, పేపర్ రాసుకోవడానికి.

మా గ్రూపులో అప్పుడు ముగ్గురం. గైడ్ గారు, ఒక పోస్ట్‌డాక్ అన్న, పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్న నేను. ప్రత్యక్ష ప్రసారం ఇంకా ముగియకముందే సార్ కుర్చీలోంచి లేచారు.

"మన దగ్గర ఒక బరువైన కణం ఉంది కదయ్యా!"

"ఉంది సార్. కానీ అది వేరే పని కోసం పెట్టుకున్నాం" అన్నాడు అన్న.

"ఆ పని ఎలాగూ చెయ్యలేదుగా. ఇటు పంపు."

సైద్ధాంతిక మోడల్ గొప్పతనం అక్కడే ఉంది. ఒక సమస్యకు పనికిరాని మోడల్ పనికిరానిదని కాదు, దానికి తగ్గ సమస్య ఇంకా రాలేదని అర్థం. సార్ మోడల్‌లో ఒక స్కేలార్ కణం (హిగ్స్ లాగా స్పిన్ లేనిది), దానికి తోడు ఎవరూ చూడని బరువైన క్వార్కులు కొన్ని ఉన్నాయి. క్వార్కుల సంఖ్య పెంచితే రెండు ఫోటాన్లు ఎక్కువ వస్తాయి. ఎన్ని ఫోటాన్లు కావాలంటే అన్ని క్వార్కులు వేసుకోవచ్చు. ఇలా మనకు కావాల్సినట్టు మార్చుకోగల అంకెలను పారామీటర్లంటారు. నాలుగు పారామీటర్లిస్తే ఏనుగును గీస్తాను, ఐదోది ఇస్తే తొండం కూడా ఊపిస్తాను అని గణిత శాస్త్రజ్ఞుడు వాన్ నోయ్‌మన్ అనేవాడట. 1953లో భౌతిక శాస్త్రజ్ఞుడు ఎన్రికో ఫెర్మీ ఈ మాట చెప్పి, తన దగ్గరికొచ్చిన ఫ్రీమన్ డైసన్ లెక్కలను ఒక్క దెబ్బకు పక్కన పెట్టించాడు. సార్ ఈ కథను ప్రతి కోర్సులోనూ చెబుతారు, కానీ అదేదో ఏనుగుకు దక్కిన ప్రశంస అన్నట్టు చెబుతారు. మా మోడల్‌లో పారామీటర్లు ఏడు. ఎక్కువేమో అని ఒకసారి నసిగితే, సూపర్‌సిమెట్రీ అనే పేరుమోసిన సిద్ధాంతం వాళ్ల దగ్గర నూరుకు పైగా ఉన్నాయనీ, అయినా వాళ్ల మామూలు మోడల్ ఈ ఉబ్బును ఎత్తలేక చతికిలబడిందనీ, పొదుపంటే మనదేననీ నచ్చజెప్పారు.

రాత్రంతా రాశాం. ముగ్గురం ఒకే ఫైల్ మీద పడ్డాం. ఇక్కడ లేటెక్ సంగతి కొంచెం చెప్పాలి. మా పేపర్లన్నీ అందులోనే టైప్ చేస్తాం. ఏ లైన్లోనైనా శాతం గుర్తు పెడితే, అక్కడి నుంచి లైను చివరిదాకా ఉన్నది అచ్చులో రాదు. ఒకరికొకరు చెప్పుకోవాల్సిన మాటలు, అంటే కామెంట్లు, అక్కడ రాసుకుంటాం. ఇంకో మాట, గ్రాఫ్‌లో ఏ గీత దేనిదో చెప్పే చిన్న పెట్టెను లెజెండ్ బాక్సు అంటాం. అర్ధరాత్రి దాటేసరికి మా ఫైల్లో పేపర్ కంటే ఆ మాటలే చదవడానికి బాగున్నాయి.

% ఈ 0.7 ఎక్కడి నుంచి వచ్చింది?
% సార్ పెట్టమన్నారు.
% సార్‌కి ఎవరు చెప్పారు?

% ఈ పేరా తీసేద్దామా? ఎవరికీ అర్థం కాదు.
% తీసేస్తే సార్ ఫీలవుతారు. సార్‌కీ అర్థమైనట్టు లేదు. ఉండనీ.

% ఈయన పేపర్‌ని సైట్ చెయ్యకపోతే తెల్లారేసరికి మెయిల్ కొడతాడు.
% ఆయన పేపర్లో ఏముందో ఎవరైనా చదివారా?
% అబ్‌స్ట్రాక్ట్ చదివా.
% చాలు.

% ఎడమవైపు డేటా పాయింట్ మన గీతకు ఆమడ దూరంలో ఉంది.
% లెజెండ్ బాక్సును దాని మీదికి జరుపు.

% ఉబ్బు పోతే?
% అప్పటికి అచ్చయిపోతుందిలే.

పేపర్ రాయడం ఒక ఎత్తు, దాన్ని సమయానికి ఎక్కించడం ఇంకో ఎత్తు. మా రంగంలో పేపర్ పత్రికకు చేరకముందే ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో పెడతాం, 1991 నుంచి ఇదే పద్ధతి. అప్పట్లో అమెరికా తూర్పు తీరపు సమయం ప్రకారం సాయంత్రం నాలుగింటికి ఏ రోజు గడువు ఆ రోజు ముగిసేది. ఆ క్షణం దాటగానే ముందుగా ఎవరిది పడితే మర్నాటి జాబితాలో వాళ్లది పైన ఉంటుంది. పైనున్న పేపర్లకు సైటేషన్లు (వేరేవాళ్ల పేపర్లలో ప్రస్తావనలు) ఎక్కువ వస్తాయని లెక్కలు కట్టి తేల్చినవాళ్లూ ఉన్నారు. కాబట్టి విశ్వ రహస్యాలు ఛేదించేవాళ్లంతా గడియారం ముందు మౌస్ మీద వేలు పెట్టుకుని కూర్చుంటారు. ఇలా ప్రతి ఉబ్బు వెనకా పరుగెత్తడాన్ని అంబులెన్స్ వెంట పడటం అని భౌతిక శాస్త్రజ్ఞులే ఎగతాళి చేసుకుంటారు. ఎగతాళి చేస్తూనే పరుగెత్తుతారు.

గడువు ముంచుకొచ్చింది. అన్న అప్‌లోడ్ చేశాడు. ఒక బొమ్మ ఫైలు కనబడటం లేదని తిరగ్గొట్టింది. మళ్లీ చేశాడు. పేరులో ఖాళీ ఉందని తిరగ్గొట్టింది. సార్ వెనక నిలబడి "ఏమైందయ్యా, ఏమైందయ్యా" అంటూ టెన్షన్‌ను సమంగా పంచుతున్నారు. చివరికి ఎక్కింది. ఈ హడావిడిలో అన్న చెయ్యాల్సిన ఒక్క పని మిగిలిపోయింది. ఆర్కైవ్ మీ పీడీఎఫ్‌తో పాటు మీరు పంపిన లేటెక్ మూలప్రతిని కూడా దాచి, ఎవరడిగితే వారికి ఇస్తుంది. అందుకే ముందుగా శాతం గుర్తుల వెనక ఉన్నదంతా తుడిచెయ్యాలి. ఇలాంటి మాటలు ఏరుకుని నవ్వుకునేవాళ్లు కూడా ఈ లోకంలో ఉన్నారు.

మర్నాడు మెయిళ్లు మొదలయ్యాయి. మొదట వచ్చినవన్నీ మామూలువే. మీ పేపర్ ఆసక్తికరంగా ఉంది, ఇదే విషయం మీద మేం రాసినది మీ దృష్టికి వచ్చినట్టు లేదు, అంటూ. తెలుగులో చెప్పాలంటే, మమ్మల్నెందుకు సైట్ చెయ్యలేదు అని. వీటికి జవాబులు సార్ దగ్గర ముందే తయారుగా ఉంటాయి. ఆ తర్వాత వచ్చింది అసలైనది. పంపింది, మేం అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ మొదట్లో ఉండే సారాంశం) మాత్రమే చదివిన పెద్దమనిషి. ఎంతో మర్యాదగా ఉంది.

"నా పేపర్‌ను ఉదహరించినందుకు ధన్యవాదాలు. వీలు చేసుకుని మూడో విభాగం కూడా చూడండి. 0.7 ఎక్కడి నుంచి వస్తుందో అందులో ఉంది."

సార్ పొంగిపోయారు. "చూశావా, ఎంత శ్రద్ధగా చదివాడో! కానీ 0.7 మీద మనకు అనుమానం ఉన్నట్టు ఈయనకెలా తెలిసింది?"

అన్న ముఖంలో రక్తం లేదు. విషయం చెప్పక తప్పలేదు. వెంటనే పేపర్ వెనక్కి తీసుకుందాం అన్నారు సార్. ఆర్కైవ్‌లో ఆ వీలు లేదు. వెనక్కి తీసుకున్నట్టు ప్రకటించినా మొదటి వెర్షన్ అక్కడే ఉంటుంది. దిద్ది రెండో వెర్షన్ పెడితే ఇంకా ప్రమాదం, ఏం దిద్దారో చూద్దామని రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. వెనకటి రోజులే నయమనిపిస్తుంది. 1975లో జాక్ హెదరింగ్టన్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు ఒంటరిగా రాసిన పేపర్ అంతటా "మేము" అని టైప్ చేసేశాడు. ఒక్కడివే ఉండి మేము అనకూడదు, పత్రిక ఒప్పుకోదు అని ఎవరో చెప్పారు. మొత్తం మళ్లీ టైప్ చేసే ఓపిక లేక తన పిల్లిని ఎఫ్.డీ.సీ. విల్లార్డ్ అన్న పేరుతో రెండో రచయితగా చేర్చాడు. ఫిజికల్ రివ్యూ లెటర్స్ దాన్ని అచ్చేసింది కూడా. మా దగ్గర పిల్లి ఉన్నా లాభం లేదు, అది శాతం గుర్తుల వెనక పట్టదు.

సార్ ఆ ఫైల్ తెరిచి మొదటి నుంచి చదవడం మొదలుపెట్టారు. నేను కిటికీ వైపు, అన్న తెల్లబోర్డు వైపు చూస్తూ నిలబడ్డాం. ఆ పేరా దగ్గర సార్ ఆగారని మాకు తెలిసిపోయింది.

"ఇది ఎవరు రాశారు?"

ఎవరూ పలకలేదు.

"కామెంట్ సంగతి కాదయ్యా. ఈ పేరా ఎవరు రాశారని."

"మీరే కద సార్?"

"నేనా? నాకు నిజంగానే అర్థం కాలేదు. నువ్వు రాశావు కదా, బాగుండదని ఊరుకున్నా."

తవ్వితే తేలిందేమిటంటే ఆ పేరా మా పాత పేపర్లోంచి వచ్చింది. ఆ పాత పేపర్లోకి దాని ముందు పేపర్లోంచి వచ్చింది. అంతకు ముందుదాని మూలప్రతి దొరకలేదు. మూడు పేపర్లలో ముగ్గురు రిఫరీలు (పత్రిక తరఫున పేపర్లను పరీక్షించేవాళ్లు) చూసి, ఒక్కరూ అడ్డుచెప్పని పేరా మొత్తం మీద అదొక్కటే.

పేపర్‌ను పత్రికకు కూడా పంపాం. ఫిజికల్ రివ్యూ లెటర్స్ ఈ ఉబ్బు మీద వచ్చిన వరదలోంచి నాలుగంటే నాలుగే ఎంచి 2016 ఏప్రిల్‌లో వేసింది. మాది ఐదోదై ఉంటుందని సార్ ఇప్పటికీ నమ్ముతారు. ఇంకో పత్రిక నుంచి రిఫరీ నివేదిక వచ్చింది. రిఫరీ ఎవరో తెలియకూడదు, తెలియలేదు. సిద్ధాంతం గురించి ఒక్క ప్రశ్న లేదు. చివర్లో ఒకే ఒక్క సూచన ఉంది: రెండో బొమ్మలో లెజెండ్ బాక్సు కాస్త కుడివైపుకు జరపండి.

జరిపాం. పాయింట్ బయటపడింది. దాన్ని సమర్థించడానికి ఎనిమిదో పారామీటర్ పెట్టాం. పేపర్ అంగీకరించారు. మేం సంబరపడుతున్న వారంలోనే ఆగస్టు 5 వచ్చింది. షికాగోలో జరిగిన సమావేశంలో అట్లాస్, సీఎంఎస్ కొత్త డేటా పెట్టాయి. అంతకు ముందటి కంటే నాలుగు రెట్లకు పైగా ఉంది. 750 దగ్గర గీత నున్నగా దిగిపోతోంది. ఉబ్బు లేదు. 2011లో కాంతికంటే వేగంగా పోయాయని పొరబడిన న్యూట్రినో కణాల కథలోనైనా సరిగా బిగించని ఒక ఆప్టికల్ కేబుల్ దొరికింది, తిట్టుకోవడానికి. ఇక్కడ అదీ లేదు. కాకతాళీయంగా వచ్చింది, కాకతాళీయంగా పోయింది.

నేను దిగాలుపడ్డాను. సార్ మాత్రం చెక్కుచెదరలేదు.

"750 దగ్గరే ఉండి తీరుతుందని మనం ఎక్కడన్నాం? ఉంటే ఇలా ఉంటుందన్నాం. ద్రవ్యరాశి మనకు పారామీటరే కదా. రెండు టీఈవీలకు జరుపు. అక్కడ ఇంకా ఎవరూ సరిగా చూడలేదు."

లెజెండ్ బాక్సును జరిపినంత తేలిగ్గా కణాన్నీ జరిపాం. కొత్త పేపర్ సిద్ధమైంది. ఈసారి అన్న చాలా జాగ్రత్తపడ్డాడు. శాతం గుర్తు ఎక్కడ కనిపించినా అక్కడి నుంచి లైను చివరిదాకా తుడిచేసే చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాశాడు. వందకు పైగా కామెంట్లు ఒక్క క్షణంలో మాయమయ్యాయి. కంపైల్ చేస్తే ఒక్క ఎర్రర్ రాలేదు. గడువు దాటిన మరుక్షణం ఎక్కించాం. జాబితాలో మొదటి పేరు మాదే.

మర్నాడు పొద్దున్నే ఆ పెద్దమనిషి నుంచి మెయిల్. "ఈసారి మీ అబ్‌స్ట్రాక్ట్ దాటి చదివాను. మూడో పేజీలో ఒక వాక్యం అర్థం కాలేదు" అని, ఆ వాక్యాన్ని యథాతథంగా పెట్టాడు:

"ఇప్పటివరకు ఉన్న ప్రయోగాలు మా మోడల్‌ను 95 రెండు టీఈవీలు దాటితే ఏ ఇబ్బందీ లేదు."

అచ్చులో శాతం గుర్తు కావాలంటే దాని ముందు ఒక ఏటవాలు గీత పెట్టాలి. మేం పెట్టాం. అన్న ప్రోగ్రామ్‌కి ఆ తేడా తెలియదు. 95 తర్వాత ఉండాల్సిన "శాతం విశ్వాస స్థాయిలో తోసిపుచ్చాయి, అయితే ద్రవ్యరాశి" అన్న మాటలన్నీ కామెంట్లతో పాటే కొట్టుకుపోయాయి.

సార్ ఆ వాక్యాన్ని చదివారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

"నిజం చెప్పాలంటే ఇలాగే బాగుందయ్యా" అన్నారు.