రెండో ముడుపు

తెలుగుకున్న ముందుచూపు ఇంకే భాషకూ లేదని నాకు చాలాకాలంగా అనుమానం. దానికి రుజువు జర్మనీలో దొరికింది. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల కట్టి ఏడుకొండలవాడికి ఇచ్చేదీ ముడుపే, టెండరు ఫైలు కదలాలని కవర్లో పెట్టి ఇచ్చేదీ ముడుపే. వేరే జాతులవాళ్లు ఒకదాన్ని భక్తి అనీ ఇంకోదాన్ని నేరమనీ విడదీసి, ఏది ఏదో తేల్చుకోలేక కోర్టుల చుట్టూ తిరుగుతుంటారు. మన పెద్దలు ఒకే మాటతో సరిపెట్టారు. ఎవరికిచ్చావు, ఎంతిచ్చావు అన్నదాన్ని బట్టి పాపమో పుణ్యమో అదే తేలుతుందిలే అనుకున్నారు.

2014 ఆగస్టు 5న మ్యూనిక్ కోర్టు సరిగ్గా అదే తేల్చింది.

ఆ కోర్టుకొచ్చిన భక్తుడి పేరు బెర్నీ ఎకల్‌స్టోన్. ఫార్ములా వన్ కార్ల పందేలను దాదాపు నాలుగు దశాబ్దాలు తన కొంగున కట్టుకుని తిరిగినవాడు. అప్పటికి వయసు 83. మనిషి పొట్టి, ఆస్తి పొడుగు. ఆయన మీద అభియోగం మొదటి ముడుపు గురించి. ఒక మీడియా సామ్రాజ్యం దివాలా తీసినప్పుడు అప్పు కింద ఫార్ములా వన్‌లో వాటా బేయర్న్ ఎల్‌బీ అనే బ్యాంకు చేతికొచ్చింది. అది జర్మనీలోని బవేరియా రాష్ట్ర ప్రభుత్వపు బ్యాంకు. ఎద్దును తాకట్టు పెట్టుకున్న షావుకారికి దాన్ని మేపడం తెలియనట్టే, రేసు కార్లతో ఏం చేయాలో బ్యాంకుకు తెలియలేదు. అమ్మేసే పని గెర్‌హార్డ్ గ్రిబ్‌కోవ్‌స్కీ అనే పెద్ద అధికారికి అప్పగించారు. ఆయన బాధ్యత బ్యాంకుకు రిస్కు రాకుండా చూడటం. 2005-06లో వాటా సీవీసీ అనే పెట్టుబడి సంస్థకు వెళ్లింది. దాదాపు 4.4 కోట్ల డాలర్లు ఆ అధికారి వైపు వెళ్లాయి. సలహాల ఫీజని రాసుకున్నారు. ఎవరు ఎవరికి ఏం సలహా ఇచ్చారో మాత్రం అడక్కూడదు.

ప్రాసిక్యూటర్లు చెప్పిన కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఒకటుంది. ఇదే అమ్మకంలో సాయపడ్డాడని అదే బ్యాంకు ఎకల్‌స్టోన్‌కు 4 కోట్ల డాలర్లకు పైగా కమీషన్ ఇచ్చింది. అంటే బ్యాంకు అధికారికి పెట్టిన విందుకు పప్పూ ఉప్పూ బ్యాంకు కొట్లోంచే వచ్చాయన్నమాట. అత్త సొమ్ము అల్లుడు దానం.

డబ్బివ్వలేదని ఎకల్‌స్టోన్ ఏనాడూ అనలేదు. అది లంచం కాదు, నా మీద బ్రిటన్ పన్నులవాళ్లకు లేనిపోనివి చెబుతానంటే నోరు మూయించడానికిచ్చాను అన్నాడు. ఈ పన్నుల మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

పుచ్చుకున్న అధికారి కేసు ముందే తేలిపోయింది. 2012లో ఎనిమిదిన్నరేళ్ల జైలు. శిక్ష వేసిన న్యాయమూర్తి పీటర్ నోల్. రెండేళ్ల తర్వాత ఇచ్చినాయన వచ్చి నిలబడిందీ ఆ న్యాయమూర్తి ఎదుటే. రెండు చేతులు కలిస్తేనే చప్పట్లని మనం చిన్నప్పుడు చదువుకున్నాం. మ్యూనిక్‌లో కుడిచేయి జైల్లో ఉంది, ఎడమచేయి చెక్కుబుక్కు తీసింది. చప్పుడు మాత్రం బ్రహ్మాండంగా వినిపించింది: 10 కోట్ల డాలర్లు.

దీన్ని లంచమని పొరబడే అజ్ఞానులుంటారని చట్టం చెబుతాను. జర్మనీ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 153ఏ అని ఒక సెక్షనుంది. తప్పు మరీ ఘోరమైనది కాకపోతే, నిందితుడు కొంత సొమ్ము కట్టి, ఈ కేసు నడవడంలో ఉన్న ‘ప్రజా ప్రయోజనాన్ని’ తొలగించవచ్చు. నా కవిత్వం కాదు, చట్టం అక్షరాలా చెప్పేదే అది. మరక మీద నిమ్మకాయ రుద్దినట్టు, ప్రజా ప్రయోజనం మీద డబ్బు రుద్దితే పోతుంది. 1970లలో చిల్లర కేసుల కోసం తెచ్చారు దీన్ని, కొట్లో సబ్బుబిళ్ల జేబులో వేసుకున్నవాళ్ల లాంటివాటి కోసం. 1993లో, కోర్టుల మీద భారం తగ్గించాలని, కాస్త పెద్దవాటికీ వర్తింపజేశారు. భారం తగ్గిందో లేదో గానీ ఖజానా బరువెక్కింది. కట్టినవాడు దోషి కాడు, నిర్దోషి అని కూడా ఎవరూ అనరు. త్రిశంకు స్వర్గమే, కాకపోతే ఏసీ ఉంటుంది.

న్యాయంగా చెప్పుకోవాలి: కేసు అనుకున్నంత గట్టిగా లేదని ప్రాసిక్యూటర్లే ఒప్పుకున్నారు, నిందితుడి వయసూ చూశారు. బలహీనమైన కేసుకే 10 కోట్ల డాలర్లయితే బలమైన కేసుకు ఎంతో అడగాలనిపించింది. అడిగేంత స్తోమత నాకు లేదు.

ఇక ఆ ప్రజా ప్రయోజనం తూకం ఎంతో చూద్దాం. 10 కోట్లలో 9.9 కోట్లు బవేరియా ఖజానాకు వెళ్లాయి. రాష్ట్ర జనాభా 1.26 కోట్లు అనుకుంటే, తలా ఎనిమిది డాలర్లు కూడా రాదు. అదే ఏడు మ్యూనిక్ బీరు జాతరలో లీటరు మగ్గు దాదాపు 10 యూరోలు పలికింది. అంటే ఒక్కో బవేరియన్‌కు న్యాయం మీదున్న ఆసక్తి ముప్పావు మగ్గు కన్నా తక్కువ, నురగతో కలిపి. మిగిలిన ఒక్క శాతం, 10 లక్షల డాలర్లు, చావు దగ్గరపడ్డ పిల్లల్ని చూసుకునే సంస్థకిచ్చారు. 99 పాళ్లు ప్రభుత్వానికి, ఒక పాలు పిల్లలకు. మన దగ్గర హుండీలో వేసేవాడు గుడి బయట కూర్చున్నవాళ్లకు చిల్లర వేసేదీ ఇంచుమించు ఈ లెక్కనే.

మాజీ న్యాయమంత్రి లాయిట్‌హాయ్‌సర్ ష్నారెన్‌బెర్గర్ ఈ రాజీని బరితెగింపని తిట్టిపోసింది. ఎకల్‌స్టోన్ మాత్రం, ఆగితే ఎలాగూ బయటపడేవాణ్ణి, అనవసరంగా డబ్బు తగలేశానే అన్న ధోరణిలో మాట్లాడాడు. తర్వాత 2017 దాకా అదే కుర్చీలో ఉన్నాడు.

జర్మనీలో కట్టినవాడికి డిస్కౌంటు లేదు. స్విట్జర్లాండ్‌లో ఉంది. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫాను 1974 నుంచి 1998 దాకా ఏలిన జొవావో అవెలాంజ్‌కూ, బ్రెజిల్ ఫుట్‌బాల్ సమాఖ్యను ఏలిన రికార్డో టెషీరాకూ, ప్రసార హక్కులతో వ్యాపారం చేసే ఐఎస్ఎల్ అనే కంపెనీ దండిగా ముట్టజెప్పింది. మామ అవెలాంజ్‌కు కనీసం 15 లక్షల స్విస్ ఫ్రాంకులు, మాజీ అల్లుడు టెషీరాకు 1.27 కోట్లు. (మామా అల్లుళ్ల సంగతి చూశాక, ఆ అత్త సొమ్ము సామెత పుట్టింది మన దగ్గర కాదేమో అనిపిస్తోంది.) మామగారికి రావాల్సిన ఒక విడత సొమ్ము పొరపాటున నేరుగా ఫిఫా ఖాతాలోకే వచ్చి పడింది. పక్కింటివాళ్ల కొరియర్ మనింటికొస్తే ఏం చేస్తాం? ఇది మాది కాదని వెనక్కిస్తాం. ఫిఫా అంతే చేసింది. ఇందులో ఏముందని విప్పి చూడటం సభ్యత కాదు కదా.

2010లో జుగ్ అనే చోట కేసు మూసేశారు. అవెలాంజ్ 5 లక్షలు, టెషీరా 25 లక్షలు, ఫిఫా మరో 25 లక్షల ఫ్రాంకులు కట్టాయి. జరిగిన నష్టాన్ని పూడ్చినట్టు లెక్క. పేర్లు బయటికి రావడానికి ఇంకో రెండేళ్లు, కొందరు విలేకరుల పట్టుదల అవసరమయ్యాయి. పూడ్చిన గుంత లోతు చూడండి: టెషీరా తిన్నదాంట్లో అయిదో వంతే కక్కాడు. 80 శాతం రాయితీ.

అందరూ ఇంత భాగ్యవంతులు కారు. బేయర్న్ మ్యూనిక్ ఫుట్‌బాల్ క్లబ్బు అప్పటి అధ్యక్షుడు ఊలీ హోనెస్‌ది కూడా మ్యూనిక్కే, 2014వ సంవత్సరమే. స్విస్ బ్యాంకు ఖాతా సంగతి తనంతట తానే చెప్పేస్తే శిక్ష తప్పుతుందన్న సౌకర్యం అక్కడి పన్నుల చట్టంలో ఉండేది. ఆయన చెప్పాడు, కానీ హడావుడిగా, అరకొరగా. అభియోగపత్రంలో పన్ను ఎగవేత 35 లక్షల యూరోలు. విచారణ మొదలైన రోజు ఆయన లేచి, కాదు, 1.85 కోట్లన్నాడు. మర్నాడు పన్నుల శాఖ 2.7 కోట్లంది. తీర్పులో 2.85 కోట్లయింది. విచారణ నాలుగే రోజులు సాగింది కాబట్టి సరిపోయింది గానీ, నెల సాగితే జర్మనీ బడ్జెట్‌ను దాటేది. మూడున్నరేళ్ల జైలు పడింది. తెలిసి చేసిన భక్తుడికీ తెలియక చేసిన భక్తుడికీ తేడా అదే: ఒకాయన తీర్పు రాకముందే మొక్కు తీర్చుకున్నాడు, ఇంకొకాయన మొక్కు తప్పు చదివాడు. అయినా 2016 ఫిబ్రవరిలో విడుదలై, నవంబరుకల్లా మళ్లీ అధ్యక్షుడయ్యాడు. అభిమానులు అన్నీ క్షమిస్తారు, ఓటమిని తప్ప.

పన్నుల మాట గుర్తుంచుకోమన్నాను. 2015లో బ్రిటన్ పన్నుల అధికారులు ఎకల్‌స్టోన్‌ను, విదేశాల్లో ఇంకేమైనా ట్రస్టులున్నాయా అని అడిగారు. లేవన్నాడు. సింగపూర్‌లో 40 కోట్ల పౌండ్లకు పైగా ఉన్నాయి. మనకు బీరువా తాళంచెవి ఎక్కడ పెట్టామో గుర్తుండదు, ఆయనకది గుర్తు లేదు. 2023 అక్టోబరులో లండన్ కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. 65.26 కోట్ల పౌండ్లు కట్టాడు, పదిహేడు నెలల జైలుశిక్ష వేసి అమలు నిలిపేశారు. కట్టింది మ్యూనిక్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, పైగా దోషి అన్న ముద్ర కూడా పడింది. బ్రిటన్‌వాళ్లకు ముడుపు పుచ్చుకునే మర్యాద ఇంకా అబ్బలేదు.

రెండు నెలలు దాటాక, డిసెంబరులో, తెలంగాణ పోలీసులు పెండింగ్ చలాన్ల మీద రాయితీ ప్రకటించారు. ద్విచక్ర వాహనాలకు 80 శాతం. టెషీరా రేటు. జీవితంలో మొదటిసారి నాకూ ఫిఫా స్థాయి వచ్చిందనిపించి ఒళ్లు పులకరించింది. హెల్మెట్ లేనందుకు నా స్కూటీ మీద ఏడు చలాన్లున్నాయి. ఫోన్‌లోనే కట్టేసి, ఆ రసీదు పట్టుకుని మా వీధి చివర సిగ్నల్ దగ్గరి కానిస్టేబుల్ దగ్గరికెళ్లాను.

‘‘సార్, మొత్తం కట్టేశాను. నా విషయంలో ప్రజా ప్రయోజనం తొలగిపోయినట్టేనా?’’ అన్నాను.

ఆయన రసీదు చూడలేదు. నా మొహం చూశాడు, ఇంకాస్త పైకి చూశాడు, తాపీగా ఫోన్ తీసి ఫొటో కొట్టాడు.